తలుపు తీయుటకు ముందు

అద్దెబండి యెక్కువాడును, ఎక్కించుకొనువాడును ఒకరినొకరు కన్నులార చూచుకొని, పోవలసిన చోటు చెప్పుకొని, కిరాయి బేరమాడి, మాట కుదిరిన పిదపనే బండి కదలెడి పద్ధతి మన పట్టణములందు చిరకాలము నడచినది. విజయవాడ స్టేషను ముందరి జట్కా మొదలు సికిందరాబాదు స్టేషను ముందరి ఆటో వరకు అదియే ఆచారము. ఆ బేరములో కోపతాపములెన్ని యున్నను, దానివలన నొక మేలు తెలియకయే జరుగుచుండెను. ఎదుటివాడు మత్తులోనున్నాడా, మాటకు నిలుకడ కలదా, చెప్పిన చోటికే పోవునా యని బండివాడును, ఇతనిని నమ్మి ఆడపిల్లను వెంటబెట్టుకొని ఎక్కవచ్చునా యని ప్రయాణికుడును, ఆ రెండు నిమిషముల సంభాషణలోనే ఒకరినొకరు లోలోపల పరీక్షించుకొనుచుండిరి. యాప్ వచ్చి ఈ క్రమమును తలక్రిందులు చేసినది. నేడు ఒడంబడిక ముందు, దర్శనము వెనుక. ముఖపరిచయము లేని యిరువురు మనుష్యులు, ఫోను తెరపై వ్రేలు మోపిన మాత్రమున పరస్పరము కట్టుబడి, ఆపైన నేదో వీధిమలుపున కలిసికొనుచున్నారు.

ఆ కలయికకు దొరకు వ్యవధి మిక్కిలి స్వల్పము. వెనుకనుండి హారనులు మ్రోగుచుండును. ట్రాఫిక్ పోలీసు చేయి యూపుచుండును. వానయో, ఎండయో, ఆఫీసు తొందరయో ప్రయాణికుని తరుముచుండును. అట్టి సందడిలో తలుపు తెరచుకొనుటయు, ఎవరో వెనుక సీటులో కూర్చుండుటయు, బండి కదలుటయు ఒక్క ఊపిరిలో జరిగిపోవును. ఎక్కినవారు బుక్ చేసినవారేనా యను ప్రశ్నను ఆ తొందర మ్రింగివేయకుండ కాపాడుకొనుటయెట్లో, ఆ ప్రశ్నను నొప్పింపక అడుగుటయెట్లో, ఎంతవరకు అడిగి ఎక్కడ ఆగవలెనో చెప్పుట ఈ అధ్యాయముయొక్క ఉద్దేశము. ఇది ముఖ్యముగా స్టీరింగు ముందు కూర్చుండువారికొరకు వ్రాయబడినది. అయినను వెనుక సీటులో కూర్చుండువారు గూడ చదివినగాని దీని ప్రయోజనము సంపూర్ణము కానేరదు.

ఎదుటివానినిగూర్చి యాప్‌నకు తెలిసినదెంత, మీకు తెలిసినదెంత యను భేదమును మొదట గ్రహింపవలెను. ఊబర్ సంస్థ 2009లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున స్థాపితమైన తరువాత కొన్నియేండ్లపాటు బ్యాంకు కార్డు లేనివానికి దాని కారును పిలుచు వీలే లేకుండెను. కార్డు వెనుక బ్యాంకు, బ్యాంకు వెనుక పేరును చిరునామాయును ఉండుటచే, డబ్బు చెల్లించు సాధనమే గుర్తింపుపత్రముగా గూడ పనిచేసినది. మనదేశమున అప్పుడు కార్డు వాడువారు తక్కువ, నగదు వాడువారు ఎక్కువ. కావున 2015 మే నెలలో ఆ సంస్థ నగదు చెల్లింపును ప్రపంచమున మొట్టమొదటిసారిగా ప్రయోగించి చూచినది. ఆ ప్రయోగమునకు ఎన్నుకొన్నది మన హైదరాబాదునే. కార్డు లేని లక్షలాది కుటుంబములకు కారు తలుపు తెరచిన యా మార్పు నిస్సందేహముగా మేలే చేసినది. కాని దానితోపాటు డబ్బునకును పేరునకును ఉన్న ముడి ఊడిపోయినది.

ఆ ముడి ఊడుటవలన నేమగునో బ్రెజిల్ దేశము చూచినది. అచ్చట 2016లో ఊబర్ ప్రయాణములకు నగదు చెల్లింపు ప్రవేశించిన పిమ్మట డ్రైవర్లపై దోపిడులును దాడులును పెచ్చుపెరుగగా, 2017లో నగదు చెల్లించెడి ప్రయాణికులు ఆ దేశపు పన్నుచెల్లింపుదారు సంఖ్యయైన సి.పి.ఎఫ్.ను ముందుగా నమోదు చేయవలెనను నియమము వచ్చినది. అమెరికాలో 2021 నుండి, పేరు తెలియని గిఫ్ట్ కార్డులు మొదలగువానితో ఖాతా తెరచువారిని ఆ సంస్థ గుర్తింపుపత్రము అడుగుట మొదలుపెట్టినది. 2024లో, వివరములు సరిచూడబడిన ప్రయాణికుని పేరు ప్రక్కన నొక గుర్తు వేసి డ్రైవరునకు చూపు పద్ధతి అచ్చట అమలునకు వచ్చినది. ఈ మార్పులలో ననేకము ప్రమాదము జరిగిన పిదప వచ్చినవే. డ్రైవర్ల ప్రాణములతో నేర్చిన పాఠములను మరియొక దేశపు డ్రైవర్లు మరల ప్రాణములతోనే నేర్చుకొనవలసిన పని లేదు.

మన యూళ్లలో ప్రయాణికుని గుర్తింపు అంతయు మొబైలు నంబరుపై ఆధారపడియున్నది. సిమ్ కార్డు ఇచ్చునప్పుడు కంపెనీవారు గుర్తింపుపత్రము చూచెదరు. ఆ నంబరుతో ఖాతా తెరచునప్పుడు యాప్‌వారు ఓటీపీ పంపి సరిచూచెదరు. ఆ ఖాతానుండి బుకింగు వచ్చును. ఇది చూచుటకు గట్టి వరుసవలెనే యుండును. కాని ఖాతాలోని పేరును మాత్రము ఎవరికి తోచినట్లు వారు వ్రాసికొనవచ్చును. ఒకరి ఫోను మరియొకరి చేతిలో నుండవచ్చును. బుక్ చేసినది తమ్ముడు, ఎక్కునది అన్నగారి స్నేహితుడు కావచ్చును. సిమ్ కొన్నవారి పేరు పోలీసులు అడిగినప్పుడు తరువాతనెప్పుడో తెలియవచ్చును. రాత్రి పదకొండు గంటలకు ఔటర్ రింగురోడ్డుమీద మీ వెనుక కూర్చున్నది ఎవరో ఆ క్షణమున అది చెప్పజాలదు. దానిని మీరే తెలిసికొనవలెను.

అందులకు మీ చేతనున్న మొదటి సాధనము పేరు. ఇచ్చట చాలమంది డ్రైవర్లు మంచితనముచేతనే చేయు పని యొకటి కలదు. కారాపి, అద్దము దింపి, "లక్ష్మిగారేనా అండీ?" యని వారే పేరు చెప్పి అడిగెదరు. ఎదుటివారు "ఆ" యందురు. ఆ "ఆ"కు విలువ యేమున్నది? లక్ష్మి కానివారు గూడ, తొందరలో సరిగా వినకనో, కావలెననియో, "ఆ" యనవచ్చును. జవాబును ప్రశ్నలోనే పెట్టి ఇచ్చిన పిదప పరీక్ష మిగులదు. "ఎవరి పేరు మీద బుక్ చేశారండీ?" యని అడుగుడు, పేరు వారి నోటినుండి రానిండు. అడుగు విధానములోని యీ చిన్న మార్పునకు ఖర్చు లేదు, కాలవ్యయము లేదు. ఈ అధ్యాయమంతయు మరచినను ఈ యొక్క వాక్యమును జ్ఞాపకముంచుకొనుడని నా ప్రార్థన.

ప్రయాణికునకును అదే ధర్మము. "రమేష్‌గారేనా?" యని అడుగక, "ఎవరి కోసం వచ్చారన్నా?" యని అడుగవలెను. అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రపు కొలంబియా నగరమున, 2019 మార్చి చివర నొక విశ్వవిద్యాలయ విద్యార్థిని, తాను పిలిచిన కారే యనుకొని తెల్లవారుజామున మరియొక కారెక్కి హత్యకు గురియైనది. అటుపిమ్మట ఆ విశ్వవిద్యాలయము విద్యార్థులకందరకు నేర్పినది ఒక్క ప్రశ్న: ఎక్కుటకు ముందు "నా పేరేమిటి?" యని డ్రైవరును అడుగుమని. ఆమె పేర 2023 జనవరిలో ఆ దేశమున చట్టము గూడ వచ్చినది. ఒక్క ప్రశ్నకు ఎంత విలువ కలదో ఆ తల్లిదండ్రులకు తెలిసినట్లు మరెవ్వరికి తెలియును!

అయితే తెలుగువారి పేర్లతో యాప్‌లకు కుదరని చిక్కొకటి యున్నది. మనకు ఇంటిపేరు ముందు, వ్యక్తిపేరు వెనుక. యాప్ సాధారణముగా మొదటి మాటనే పేరుగా గ్రహించి డ్రైవరునకు చూపును. అందుచే వీర వెంకట సత్యనారాయణగారు తెరపై "వీర" యగుదురు. కొందరు ఇంటిపేరు మాత్రమే యగుదురు. పొడియక్షరములు ముందు వ్రాసికొన్నవారు ఒంటి యక్షరముగా మిగిలిపోదురు. అదియు ఇంగ్లీషు లిపిలో నుండుటచే, ఆ లిపి సరిగా రాని డ్రైవరు దానిని మరియొక విధముగా చదువుట గూడ కలదు. కావున ప్రయాణికుడు చెప్పిన పేరు తెరపైనున్న మాటతో అక్షరాల కలియలేదని వెంటనే అనుమానింపరాదు. "యాప్‌లో వేరేలా ఉందండీ, పూర్తి పేరు ఒకసారి చెప్తారా?" యని మర్యాదగా మరల అడిగినచో, నిజమైన ప్రయాణికుడు నవ్వుచు తన ఇంటిపేరు సహితము చెప్పును. హైటెక్ సిటీ మెట్రో స్టేషను క్రింద సాయంకాలము నిలుచున్న గుంపులో శ్రీనివాసులు ఇరువురో ముగ్గురో ఉండుటయు వింత కాదు. పేరొక్కటియే చాలదనుటకు అదియొక కారణము.

రెండవ సాధనము నాలుగంకెల ఓటీపీ. బుక్ చేసినవారి ఫోనులో అది కనబడును; డ్రైవరు దానిని తన ఫోనులో నొక్కినగాని ట్రిప్పు మొదలు కాదు. ఒకరికై వచ్చిన బండిలో మరియొకరు పొరపాటున ఎక్కిపోవుట దీనివలన చాలవరకు తగ్గును. కాని దాని సాక్ష్యము ఎంతవరకు చెల్లునో ఎరిగియుండుట మంచిది. ఎక్కినవారికి ఆ అంకెలు తెలియునని మాత్రమే ఓటీపీ చెప్పును; ఆ మనిషి యెవరో అది చెప్పదు. అంకెలు చేతులు మారవచ్చును. కావున దాని విలువ చెడకుండ వాడుకొనవలెను. కొందరు డ్రైవర్లు రెండు వీధుల దూరముననే ఫోను చేసి, "ఓటీపీ చెప్పేయండి, రెండు నిమిషాల్లో వచ్చేస్తా" యందురు. ప్రయాణికులు గూడ తొందరలో చెప్పివేయుదురు. బండి రాకముందే, మనిషి ఎక్కకముందే సంఖ్య ఖర్చయిపోయిన తరువాత, ఆ బండిలోనికి ఎవరు వచ్చి కూర్చున్నను అడ్డుకొను సాధనము మిగులదు. రాని బండికి డబ్బు పోవు ప్రమాదము వేరు. అట్లే స్టేషను ముందు నలుగురిలో నిలిచి సంఖ్యను బిగ్గరగా అరచి చెప్పుటయు తగదు. ముందు పేరు, తరువాత ప్రయాణికుడు కూర్చున్న మీదట ఓటీపీ, ఆపైన "స్టార్ట్" నొక్కుట. ఈ వరుసను ఎంత తొందరలోనైనను తప్పరాదు.

ప్రయాణికుడు ఓటీపీ చెప్పుటకు ముందు నంబరుప్లేటు చూడవలెనని వేరుగ చెప్పనక్కరలేదుగాని, ఒక మాట చెప్పుట అవసరము. తెలంగాణలో 2024 మార్చి నుండి క్రొత్త బండ్లకు టీఎస్ స్థానమున టీజీ అను అక్షరములు వచ్చినవి. హైదరాబాదు వీధులలో నేడు ఏపీ, టీఎస్, టీజీ మూడును తిరుగుచున్నవి. కావున మొదటి రెండక్షరములు చూచి సరిపెట్టుకొనక, చివరి నాలుగంకెలను తెరతో పోల్చి చూచుకొనుడు. అద్దెకారు ప్లేటు పసుపుపచ్చనిది, అక్షరములు నల్లనివి. కరెంటుతో నడచు అద్దెకారైనచో ఆకుపచ్చ ప్లేటుపై పసుపు అక్షరములుండును. బైకు టాక్సీ విషయమున ఇరువురి ముఖములను హెల్మెట్లు కప్పియుండును గనుక, ఎక్కుటకు ముందు ఇరువురును ఒక్క క్షణము అద్దము పైకెత్తి మాటలాడుట మంచిది.

ఇక అన్నిటికంటె తరచుగా వచ్చు చిక్కు, ఒకరు బుక్ చేయగా మరియొకరు ఎక్కుట. ఇది తప్పు కాదు. మన కుటుంబములందు ఇది నిత్యకృత్యము. డల్లాస్‌లోనున్న కుమారుడు గుంటూరునుండి వచ్చిన తల్లిదండ్రులను సికిందరాబాదులో రైలు దిగగానే ఇంటికి చేర్చుటకు అచ్చటనుండియే కారు బుక్ చేయును. తెరపై కనబడునది కుమారుని పేరు. వేచియుండునది డెబ్బదియేండ్ల తండ్రి. ఓటీపీ మాత్రము వాట్సాప్‌లో సముద్రములు దాటి రావలెను. ఆ పెద్దాయనకు యాప్ తెలియదు, అంకెలు ఎక్కడ చూడవలెనో తెలియదు. డ్రైవరు విసుగుకొనుట ఎంత సులభము! కాని ఇచ్చట ప్రశ్న మార్చినచో చాలును: "మీకు బండి ఎవరు బుక్ చేశారు తాతగారూ?" కుమారుని పేరు ఆయన నోటనే వచ్చును. ఆ పేరు తెరతో కలిసినది, ఓటీపీ కుదిరినది, పోవలసిన చోటు ఆయన చెప్పగలిగెను. అంతకు మించి కోరవలసినది లేదు. బుక్ చేయువారి కర్తవ్యము గూడ కొంత కలదు. యాప్‌లో "వేరొకరికోసము" బుక్ చేయు ఏర్పాటున్నచో దానినే వాడి, ఎక్కువారి పేరు, నంబరు వ్రాయవలెను. బండి నంబరును, డ్రైవరు పేరును, ఓటీపీని బండి వచ్చుటకు ముందే పంపి, వీలైనచో ఫోనులో చదివి వినిపింపవలెను. కన్నవారిని వీథిలో నిలువబెట్టి, డ్రైవరు మంచితనముపై భారము వేయుట న్యాయము కాదు.

పిల్లలు ఒంటరిగా ఎక్కు సందర్భమున మరింత మెలకువ కావలెను. బడినుండియో, ట్యూషనునుండియో బాలిక యొకతె ఎక్కినప్పుడు, బుక్ చేసిన పెద్దలతో యాప్‌లోని ఫోను ద్వారా ఒకమారు మాటలాడిన పిమ్మటనే కదలుట డ్రైవరునకు రక్ష, ఆ బిడ్డకు రక్ష.

పేరును అంకెలును అడుగుటవరకు చెప్పితిని. ఎవరిని అడుగవలెను? అందరిని. ఇది నాకు ఈ విషయమునందెల్ల ముఖ్యముగా తోచుచున్నది. మనిషి వేషము చూచి, రంగు చూచి, గడ్డము చూచి, బురఖా చూచి, యాస విని, బస్తీ పేరు విని కొందరిని మాత్రము ప్రశ్నించి, సూటు తొడిగినవానిని ప్రశ్నింపక ఎక్కించుకొనుట రెండువిధముల హానికరము. అడుగబడినవాడు అవమానము పొందును. మోసము చేయదలచినవాడు మంచి చొక్కా తొడుగుకొని వచ్చును. ప్రతివారిని ఒకే మాటతో, ఒకే స్వరముతో అడిగినప్పుడు ఆ ప్రశ్నలోని అనుమానమంతయు తొలగి, అది పద్ధతిగా మారును. రైలులో టిక్కెట్టు అడిగినందుకు ఎవరును నొచ్చుకొనరు; అది అందరిని అడుగుదురు గనుక. "అందరినీ అడుగుతానండీ" యను రెండు మాటలు కలిపి చెప్పినచో కోపిష్ఠియైన ప్రయాణికుడు గూడ చల్లబడును.

అడుగుటకు హద్దును కలదు. ఆధార్ కార్డు చూపుమనుట, దానిని ఫోటో తీసికొనుట, ప్రయాణికురాలి ముఖమును అనుమతి లేక చిత్రించుట, ట్రిప్పు ముగిసిన తరువాత నంబరు దాచుకొని సందేశములు పంపుట, ఇవి రక్షణ పేర జరుగు అతిక్రమణలు. గోప్యత పౌరుని ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము ఏకగ్రీవముగా చెప్పినది. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో, ఆధార్ చట్టములోని 57వ సెక్షను ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన వెసులుబాటును అదే న్యాయస్థానము కొట్టివేసినది. చక్రము పట్టిన మాత్రమున ఎవరును పోలీసులు కారు. పేరు, ఓటీపీ, గమ్యము, ఈ మూడింటితో తృప్తిపడని సందేహము మీకు మిగిలియున్నచో, మరిన్ని పత్రములు అడుగుట దానికి మందు కాదు. ఆ ట్రిప్పును మర్యాదగా విడిచిపెట్టి, కారణమును యాప్‌లో తెలుపుటయే మార్గము. ఆ పూట కొంత ఆదాయము పోవును, రేటింగు కొంచెము తగ్గునేమో. ప్రాణము తరువాతనే అవి.

ప్రాణాపాయము తోచినప్పుడు ఆలోచన వలదు. దేశమంతటికి అత్యవసర సంఖ్య 112. యాప్‌లలో ఎర్రని అత్యవసర మీట వేరుగ ఉండును. అది ఎక్కడ ఉన్నదో బండి ఆగియున్నప్పుడే చూచి పెట్టుకొనుడు. తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో ఆరంభించిన టీ-సేఫ్ సేవ స్త్రీల ప్రయాణమును దారిపొడుగున గమనించుచుండును. ఒంటరిగా రాత్రివేళ తిరుగు చెల్లెండ్రు దానిని తెలిసికొని యుండవలెను.

మరియొక ప్రలోభమునుగూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. "యాప్‌లో క్యాన్సిల్ చేసెయ్ అన్నా, డైరెక్ట్‌గా వెళ్దాం, ఆ కమీషనేదో నీకే మిగులుతుంది" యని ప్రయాణికుడో, అదే మాటను డ్రైవరో అనుట సర్వసామాన్యమైనది. కమీషను భారము నిజమే. డ్రైవరుల కష్టము నిజమే. దానినిగూర్చి సంస్థలతో పోరాడుట న్యాయమే. కాని ఆ క్యాన్సిల్ నొక్కిన నిమిషమున ఇంతవరకు మనము చెప్పుకొన్న గుర్తింపు సమస్తము చెరిగిపోవును. ఆ ప్రయాణమునకు పేరు లేదు, దారి లేదు, కాలము లేదు. సంస్థ యిచ్చు బీమా మున్నగు రక్షణలు సాధారణముగా వర్తింపవు. మోసము చేయదలచినవానికి కావలసినది సరిగా ఇదియే. నగరము దాటు దూరప్రయాణమునకు, అందును రాత్రివేళ, ముఖమెరుగనివాడు ఈ మాట ఎత్తినచో దానిని హెచ్చరికగానే గ్రహింపుడు. వంద రూపాయల లాభమునకు సాక్ష్యమును అమ్ముకొనకూడదు.

డ్రైవరు విషయమున ప్రభుత్వము నియమములు చేసియున్నది. 2014 డిసెంబరులో ఢిల్లీలో యాప్ ద్వారా పిలిచిన కారులో ప్రయాణికురాలిపై డ్రైవరు చేసిన అత్యాచారము తరువాత పుట్టిన ఆందోళన ఫలితముగా డ్రైవరు పూర్వచరిత్ర విచారణ ముఖ్యమైనది. కేంద్ర ప్రభుత్వము 2020 నవంబరులో ఈ సంస్థలకు మార్గదర్శకములు విడుదల చేసి, పోలీసు విచారణను, శిక్షణను అందు చేర్చినది. 2025లో వానిని సవరించినది. ఇవి అవసరమైనవే. కాని ప్రయాణికునకు డ్రైవరు ఫోటో, పేరు, బండి నంబరు తెలియుచుండగా, డ్రైవరునకు ప్రయాణికునిగూర్చి కనబడునది తరచుగా ఒక్క మాట, ఒక్క రేటింగు మాత్రమే. పత్రములను చూపకయే, వివరములు సరిచూడబడినవను గుర్తునొకదానిని మన డ్రైవరులకు గూడ ప్రతి బుకింగునందును చూపుట సంస్థలకు అసాధ్యము కాదు. డ్రైవరు సంఘములు కమీషనుతోపాటు దీనిని గూడ గట్టిగా అడుగవలెను.

ప్రయాణికులకు నా విన్నపము మరియొకటి. ఈ పుట ముగియగానే మీ ఫోనులోని యాప్ తెరచి, అందు మీ పేరు ఏమని వ్రాసియున్నదో చూడుడు. ముద్దుపేరో, ఒంటి యక్షరమో, ఇంటిపేరు మాత్రమో ఉన్నచో తీసివేసి, మిమ్ము నలుగురు పిలుచు పేరును మొదటి మాటగా వ్రాయుడు. ఇంట పెద్దల ఫోనులలో గూడ అట్లే మార్చి పెట్టుడు. మీకొరకు వచ్చు డ్రైవరు అడుగు మొదటి ప్రశ్నకు మీరిచ్చు జవాబు అతని తెరపైనున్న మాటతో కలియవలెను.